ఆరేసిన మొగుడు

మంగళవారం పొద్దున దర్జీ అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, రెండు గ్లాసుల నీళ్లు తాగాలి, బడి యూనిఫారాలకు పదకొండు కాలర్లు కుట్టాలి, ఆ తరవాత కాళ్లు ఎత్తి పెట్టుకుని కూర్చోవాలి. ఎనిమిదో నెల నిండవస్తున్న మనిషికి ఇంతకంటే పెద్ద పథకాలు ఎలాగూ సాగవు. పాపం, ఆమెకు మొదటిదే సాగలేదు. లేవడానికి పక్కకు ఒత్తిగిలితే మోచెయ్యి తగిలి, తల దగ్గర పెట్టుకున్న రెండు లీటర్ల జగ్గు బోర్లా పడింది. నీళ్లు దండిగా తాగమని డాక్టరమ్మ చెప్పింది ఆమెకు. తాగింది దిండు.

ఆ దిండు గురించి కొంచెం చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఎడమవైపు తిరిగి పడుకోవాలని, మోకాళ్ల మధ్య మెత్తగా ఏదన్నా పెట్టుకోవాలని, నడుముకు ఆసరా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. దర్జీ అమ్మాయి దుకాణానికి వెళ్లి అలాంటి దిండు ఒకటి తిరగేసి మరగేసి చూసి, కుట్లు ఇంత ఎడంగా ఉంటే వారానికే విచ్చుకుపోతుందని ఎక్కడిదక్కడ పెట్టేసి వచ్చింది. కుట్టుపని తెలిసినవాళ్లతో ఇదే చిక్కు, ఏదీ కొననివ్వరు, తామూ కొనరు. ఇంటికొచ్చి బీరువా తెరిస్తే మొగుడి పాత చొక్కా, పంట్లాం కనిపించాయి. పంట్లానికి రెండు కాళ్లున్నాయి. ఒకటి ముందునుంచి మోకాళ్ల మధ్యకు, ఇంకొకటి వెనకనుంచి నడుముకు. చొక్కా మీద తల పెట్టుకోవచ్చు. ఇంతకంటే ఏం కావాలి? రెంటినీ కలిపి మూడు వరసల కుట్టు వేసి, యూనిఫారాల కత్తిరింపు ముక్కలన్నీ లోపల కూరింది. ముక్కలు మిగిలితే చేతులు కూడా నింపింది. కాలర్‌లోంచి గుడ్డపేలికలు బయటికి వస్తుంటే అక్కడ పెద్ద ఉండ ఒకటి కుక్కి, ఊడిపోకుండా మొగుడి ఉన్నిటోపీ తొడిగి చుట్టూ కుట్టేసింది.

మొగుడు ఓడలో వంటవాడు. నాలుగు నెలల కిందట వెళ్లాడు, కాన్పు వేళకు వస్తాడు. ఈ లోపల ఫోను కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. ఆ చొక్కా మీద చెంప ఆనించిన మొదటి రాత్రే దర్జీ అమ్మాయి ఏడు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. అది దిండు మహిమా, చొక్కా మహిమా అన్నది ఆమె ఎవరికీ చెప్పలేదు. అసలు చెప్పడానికి ఎవరున్నారని?

ఉన్నది ఇద్దరే. సందుకు అవతల, ఎదురు మేడ మూడో అంతస్తులో ఉండే నర్సమ్మ ఒకరు. నలభై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసి దిగిపోయిన మనిషి. రోజూ మూడింటికి వచ్చి, దర్జీ అమ్మాయి చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసి, వాపు లేదని తేల్చి, ఐదింటిదాకా కబుర్లు చెప్పేది. ఇంకొకరు కింది వాటా ఆవిడ. కూరగాయలు పైకి తెచ్చిపెట్టి, గుడ్డల మూటలు కిందికి చేరవేసేది. అత్తగారు ఉన్నారు గానీ, రెండు నెలలుగా మాటల్లేవు. తన దగ్గరికి వచ్చి ఉండమని ఆవిడ పిలిస్తే, యూనిఫారాలు ఒప్పుకున్నానని కోడలు చెప్పింది. నా ఇల్లు దానికి పనికిరాలేదని ఆవిడ అనుకుంది. "సరే, నీ ఇష్టం" అని ఆవిడ ఫోను పెట్టేస్తే, నేను అక్కర్లేదన్నమాట అని ఈమె అనుకుంది. అప్పటినుంచి ముందు ఎవరు ఫోను చేస్తారా అని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

కిందటి శుక్రవారం డాక్టరమ్మ బీపీ చూసి మొహం ముడుచుకుంది. "నిద్రా, తోడూ. ఈ రెండే నీకు మందు. వచ్చే శుక్రవారానికి ఈ రెండూ కనబడకపోతే, కాన్పయ్యేదాకా ఇక్కడే వార్డులో పడుకోబెడతాను" అంది. దర్జీ అమ్మాయి ఆ వార్డు చూసింది. నాలుగు గంటలు కొట్టగానే ఒక్కో మంచం చుట్టూ నలుగురేసి చేరతారు. ఎవరూ రాని మంచం మీద పడుకుని ఆ నాలుగు గంటల వేళను రోజూ దాటాలంటే ఆమెకు భయం వేసింది. ఆ భయంతోనే దిండు కుట్టింది. తీరా ఇప్పుడు అది తడిసి ముద్దయింది.

విప్పి ముక్కలు ఆరబెడదామంటే, మళ్లీ కూరడానికి వంగాలి, వంగడానికి పొట్ట ఒప్పుకోదు. అందుకని దాన్ని అలాగే నేల మీద ఈడ్చుకుంటూ, నాలుగుసార్లు ఆగి, బాల్కనీలోకి చేర్చి కుర్చీలో కూలేసింది. పంట్లాం అంచులు తడి నేలకు తగులుతున్నాయని చిన్న స్టూలు తెచ్చి కాళ్లు దాని మీదికి ఎత్తింది. కాళ్లు ఎత్తి పెట్టుకోవాల్సింది తను అని అప్పుడు ఆమెకు గుర్తు రాలేదు.

నర్సమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషను వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఏడాది గడిపింది. ఆ పొద్దున ఆవిడ కిటికీ తీసేసరికి ఎదుటి బాల్కనీలో చొక్కా, పంట్లాం, టోపీతో మగమనిషి కాళ్లు బారచాపుకుని కూర్చున్నాడు. ఓడ మనిషి వచ్చేశాడని ఆవిడకు సంతోషమే కలిగింది. వెనువెంటనే, నాకు ఒక్క మాట చెప్పలేదే అని చివుక్కుమంది. సరేలే, నాలుగు నెలలకు కలుసుకున్న మొగుడూ పెళ్లాల మధ్య మనకేం పని అని మర్యాదగా కిటికీ మూసేసింది. మూసేముందు కింద ఇస్త్రీ బండి అతనికి కబురు చెప్పింది. అతను కింది వాటా ఆవిడకు చెప్పాడు. ఇంట్లో మగమనిషి ఉండగా కూరగాయలు నేనెందుకు మొయ్యడమని ఆవిడ సంచీ పక్కన పెట్టింది.

మూడయింది, ఐదయింది, ఎవరూ రాలేదు. ఎదుటి కిటికీ చూస్తే మూసి ఉంది. వారం కిందట తను కుట్టిచ్చిన జాకెట్టు బిగుతైందేమో, అందుకే నర్సమ్మ అలిగిందని దర్జీ అమ్మాయికి అనుమానం వచ్చింది. వెళ్లి క్షమాపణ చెప్పుకుందామంటే మూడంతస్తులు దిగి మళ్లీ మూడంతస్తులు ఎక్కాలి. ఫోను చేస్తే, నర్సమ్మ చాలా పొడిగా, "నీకేం లోటమ్మా, హాయిగా ఉండు" అని పెట్టేసింది. కోపమే, సందేహం లేదనుకుంది. ఆ రాత్రి దిండు లేదు, నిద్ర లేదు.

గుడ్డముక్కల లోపలి తడి అంత తొందరగా వదలదు. బుధవారం ఎండ ఎటు తిరిగితే అటు దర్జీ అమ్మాయి కుర్చీని జరిపింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో కుర్చీని లాగుతూ జరిపింది. మాట్లాడే మనిషి లేక నాలిక ఎండిపోతుంటే దిండుతోనే మాట్లాడింది. ఇరవై రెండో నంబరు చొక్కాకు జేబు వంకర వచ్చిందని చెప్పింది. లోపలి మనిషి ఇవాళ తెగ తన్నుతోందని చెప్పింది. "మీరుంటే బాగుండును" అని కూడా అంది. అని, గుడ్డమూటతో ఈ మాట అంటున్నానేమిటని తనకే సిగ్గేసి, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇదంతా కింది నుంచి ఇస్త్రీ అతను చూశాడు, కిటికీ సందులోంచి నర్సమ్మ చూసింది. చూసి ముక్కున వేలేసుకున్నారు. ఒట్టి మనిషి కాదు, ఆ బరువుతో పెళ్లాం తనతో మాట్లాడుతూ, చివరికి కుర్చీతో సహా తనను మోస్తూ ఉంటే ఆ మహానుభావుడు ఉలకడు, పలకడు. కాళ్లు స్టూలు మీంచి దించడు. అలవిమాలిన కోపంతో నర్సమ్మ, ఎప్పుడన్నా అవసరమని రాసిపెట్టుకున్న అత్తగారి నంబరుకు ఫోను చేసి, మీ అబ్బాయి పెంపకం ఇలాగేనా అని అడిగింది.

కొడుకు ఊళ్లోకి వచ్చాడన్న సంగతే అత్తగారికి అప్పుడు తెలిసింది. కొడుక్కి ఫోను చేస్తే అందుబాటులో లేడని వచ్చింది. తల్లికి దొరక్కుండా దాక్కున్నాడన్నమాట. కోడలికి చేసి అడగొచ్చు, కానీ రెండు నెలల పట్టుదల అలా ఒక్క ఫోనుకు వదులుకోవడమా? గురువారం పొద్దున మొదటి బస్సు ఎక్కింది. ఆరు గంటల ప్రయాణం. తిట్లు కూర్చుకోవడానికి కావలసినంత సమయం.

ఆ గురువారం మధ్యాహ్నానికి నర్సమ్మ కోపం అనుమానంగా మారింది. ఒక కాకి వచ్చి ఓడ మనిషి టోపీ మీద వాలింది. అదిలించలేదు. టోపీని రెండుసార్లు పొడిచింది. చెయ్యి ఎత్తలేదు. మూడు రోజులుగా స్టూలు మీద కాళ్లు ఒక్క అంగుళం కదల్లేదన్న సంగతి అప్పుడు తట్టింది. నలభై ఏళ్ల ఉద్యోగం ఒక్కసారి ఆవిడలో లేచి నిలబడింది. పక్షవాతం, పాపం ఆ పిల్ల భయపడి ఎవరికీ చెప్పుకోలేక కుర్చీతో మోస్తోంది, నేను చూడు ఎంతెంత మాటలన్నానో అని నొచ్చుకుంటూ అంబులెన్సుకు ఫోను చేసి, చెప్పుల్లో కాళ్లు పెట్టీ పెట్టకుండా దిగింది.

మెట్ల మొదట్లో నర్సమ్మ, కింది వాటా ఆవిడ, ఇస్త్రీ అతను, స్ట్రెచరు పట్టుకున్న ఇద్దరు, అప్పుడే ఆటో దిగిన అత్తగారు ఒకరికొకరు ఎదురయ్యారు. మనిషిలో మూడు రోజులుగా కదలిక లేదన్న మాట అత్తగారి చెవిన పడింది. మోకాళ్ల నొప్పులతో పది మెట్లెక్కితే రెండు నిమిషాలు కూర్చునే మనిషి, మూడంతస్తులూ అందరికంటే ముందు ఎక్కింది.

రెండు రాత్రులు కంటి మీద కునుకు లేని దర్జీ అమ్మాయి అప్పుడే ఎడమవైపు ఒరిగింది. తలుపు బాదుతున్న చప్పుడుకు గోడ పట్టుకుని వెళ్లి తీసింది. ఎవరూ రారని మూడు రోజులు దిగులుపడిన గుమ్మంలోంచి ఆరుగురు ఒక్కసారిగా లోపలికి వచ్చి, ఆమెను దాటుకుని, బాల్కనీలోకి పరిగెత్తారు. ఆమె నోరు తెరిచే లోపలే అత్తగారు కుర్చీ వెనక చేరి, బస్సులో కూర్చిన తిట్లకు భయం కూడా కలిసి, గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

"ఒరేయ్, వచ్చినవాడివి నాకు చెప్పకపోతే పోయావు. నిండు మనిషి నిన్ను కుర్చీతో సహా మోస్తుంటే కాళ్లు చాపుకుంటావా? ఇది నన్ను రమ్మనలేదని నేను మొండికేసి కూర్చున్నాను గానీ, ఒక్క మాట అంటే పరిగెత్తుకు రానా? రోజూ ఫోను ఒళ్లో పెట్టుకునే కూర్చుంటున్నానురా" అంటూ టోపీ మీద ఒక్కటి వేసింది. కాకి సగం కుట్లు తెంచేసిన తల ఒరిగి, ఊడి, దొర్లుకుంటూ వెళ్లి స్ట్రెచరు పక్కన ఆగింది.

నాడి కోసం చొక్కా చెయ్యి పట్టుకున్న నర్సమ్మ, లోపలినుంచి నీలం గుడ్డపేలికలు గుప్పెడు బయటికి లాగి, కళ్లకు ఆనించుకుని చూసింది. తన నలభై ఏళ్లలో ఇలాంటి కేసు తగల్లేదని మెల్లిగా ఒప్పుకుంది.

దర్జీ అమ్మాయి దిండు చూడలేదు, తల చూడలేదు. అత్తగారినే చూస్తోంది. "మీకు నేను అక్కర్లేదనుకున్నాను అత్తయ్యా" అంది. మూడు రోజులుగా దాచిన ఏడుపంతా వచ్చింది. అత్తగారు కొడుకును తిట్టడం ఆపి కోడల్ని దగ్గరికి తీసుకుంది. పొట్ట అడ్డం వచ్చి సరిగ్గా కుదరలేదు గానీ, తీసుకుంది.

అంబులెన్సు వాళ్లు మాత్రం ఎవరినీ చూడకుండా వట్టి చేతులతో వెళ్లడానికి వీల్లేదన్నారు. కాగితంలో ఏదో ఒకటి రాయాలి. సరేనని కోడలి బీపీ చూశారు. ఫరవాలేదు, నిద్రపోతే దిగుతుందన్నారు. అత్తగారిది చూసి మాత్రం ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడను వెంటనే మంచం మీద పడుకోబెట్టి కదలొద్దన్నారు. అప్పటికి దిండు ఆరింది. నర్సమ్మ దాన్ని తెచ్చి, పంట్లాం కాళ్లు రెండూ ఆవిడ మోకాళ్ల కిందికి సర్దింది. ఎనిమిదేళ్లుగా ఈ మోకాళ్లకు ఇంత సుఖం తెలియదని చెప్పి అత్తగారు నిద్రపోయింది. మర్నాటి పొద్దుటిదాకా లేవలేదు. లేచాక, కాన్పయ్యేదాకా ఈ ఇంట్లోంచి కదలనని, ఈ దిండు ఇక తనదని ప్రకటించింది.

శుక్రవారం డాక్టరమ్మ ముందు దర్జీ అమ్మాయి పక్కన అత్తగారు ఒకవైపు, నర్సమ్మ ఇంకోవైపు కూర్చున్నారు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు. తోడు సంగతి ఇక అడగక్కర్లేదని డాక్టరమ్మ నవ్వి, వార్డు మాట కొట్టేసింది. నిద్ర సంగతికొస్తే, అత్తగారి గురక పక్కన ఎలా పట్టిందో గానీ దిండు లేకుండానే ఆమెకు పట్టింది. ఎందుకన్నా మంచిదని ఇంకో దిండు కుట్టుకుంది. ఈసారి దానికి తల పెట్టలేదు.

మూడు వారాల తరవాత, ఒక మధ్యాహ్నం, ఓడ వంటవాడు నిజంగానే దిగాడు. తన దగ్గరున్న తాళంతో తలుపు తీశాడు. మంచం మీద పెళ్లాం ఎడమవైపుకు, తల్లి వెల్లకిలా, ఇద్దరూ మంచి నిద్రలో ఉన్నారు. తల్లి మోకాళ్ల కింద తన పంట్లాం కనిపించింది. ఏమీ అర్థం కాకపోయినా వాళ్లను లేపబుద్ధి కాలేదు. రెండు రోజుల ప్రయాణపు బడలికతో బాల్కనీలోకి వెళ్లి కుర్చీలో కూలబడి, స్టూలు మీద కాళ్లు చాపి, టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. క్షణంలో ఒళ్లు మరిచాడు.

కాసేపటికి మంచం పక్కన ఫోను మోగింది. దర్జీ అమ్మాయి కళ్లు తెరవకుండానే ఎత్తింది. అవతల నర్సమ్మ.

"అమ్మాయ్, మబ్బు పట్టింది, ఆ దిండు లోపలికి లాగు. తడిస్తే మళ్లీ మూడు రోజులు ఆరదు."