జల్లెడ పట్టిన దగ్గు

పరిశోధన చేసేవాడు చదవడం మానేస్తేనే దేశం బాగుపడుతుందని నా గట్టి నమ్మకం. నవ్వకండి. హనుమకొండలో, మా పక్కింట్లోనే రుజువుంది.

పక్కింటి ఎల్లస్వామి రీసెర్చి స్కాలర్. పత్తి మిల్లు కూలీలకు వచ్చే దగ్గు మీద ప్రపంచంలో ఎవరేం రాశారో పోగేసి, సారాంశం తేల్చడం అతని పని. అతన్ని పెంచిన చిన్నమ్మ యాకమ్మ జిన్నింగు మిల్లులో కూలి. ఆమె దగ్గు వింటూ పెరిగాడు కనుక కోరి ఈ విషయమే తీసుకున్నాడు.

పాపం, మొదట్లో నిజంగానే చదివేవాడు. వ్యాసాలు చాప మీద పరుచుకుని, చదువుతూ చదువుతూ కళ్లు తుడుచుకునేవాడు. ఇది శాస్త్రీయమేనా?

ఇంతలో కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. ఈ ఎనభైల్లో మనకు దక్కిన వరం! దానికి ఏసీ గది. మన చెప్పులు బయట. గైడు గారు ఒక ప్రోగ్రాం రాయించారు. వ్యాసాల సారాంశాలు ఎక్కిస్తే చాలు, పనికొచ్చేవి ఉంచి మిగతావి అదే తీసేస్తుంది. 'ధూళి', 'దగ్గు' అన్న మాటలు రెండూ ఉండాలి. అంతే.

ఎంత నిష్పక్షపాతమో చూడండి. ధూళి అనకుండా 'నూగు' అన్నవాళ్లు ఎంత పెద్ద డాక్టర్లయినా గెంటివేతే. కూలీలు ఊపిరాడక పోయారని రాసిన వ్యాసమూ పోయింది. పోయినవాళ్లు దగ్గరు కదా?

"సార్, అది నేను చదివిన. అండ్ల మొత్తం మన మిల్లుల సంగతే ఉన్నది," అన్నాడు ఎల్లస్వామి.

"నువ్వు చదివినవ్ గని మిషన్ ఒప్పుకోలే. దానికి పక్షపాతం ఉండదు. నీకుంటది. నీ ఇంట్లనే పేషెంటున్నది," అన్నారు గైడు గారు.

డాక్టరేటు వచ్చింది. వీధి వీధంతా మిఠాయి తిన్నాం. ఆ సాయంత్రం యాకమ్మ అడిగింది.

"మా దగ్గు సంగతి ఏం తేల్చినవ్ బిడ్డా? మిల్లోళ్లు జర కిటికీలన్న పెట్టిస్తరా?"

ఎల్లస్వామి తల వంచుకున్నాడు. "ధూళితోని దగ్గొస్తదనటానికి చాలినంత ఆధారం దొరకలే చిన్నమ్మా."

ఆమె ఏదో అనబోయింది. దగ్గు తెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది. తెరిపి చిక్కాక, "ఇది సాలదా బిడ్డా?" అంది.

అచ్చులో లేని దగ్గు దగ్గే కాదని ఆమెకు ఎలా చెప్పడం? ఎల్లస్వామి ఆ రోజు నుంచి ఆమెను మిల్లుకు పోనివ్వలేదు.

మిల్లు యజమాని మాత్రం థీసిస్ కాపీ తెప్పించుకుని, ఆఖరి వాక్యం దాకా శ్రద్ధగా చదివాడు. కిటికీల కోసం గోడ మీద గీయించిన సుద్దగీతలు ఆ పూటే తుడిపించాడు.