బంతి లోడవుతోంది, ఓపిక పట్టండి

కొత్త కంప్యూటర్ కొనేవాడు పిరికివాడు! ఈ మాట నేను కాఫీ తాగి, పూర్తి తెలివితో ఉండే అంటున్నాను.

మీరే ఆలోచించండి. కొత్త కంప్యూటర్ చేయగలిగిన పనిని కొత్త కంప్యూటర్ చేత చేయించడంలో గొప్పేముంది? ఎవడైనా చేయిస్తాడు. అదే పని దాని తాతగారి చేత చేయించాలి. చూపు ఆనక, చెవి వినపడక, కూర్చున్నచోటే ఆయాసపడే ముసలి కంప్యూటర్ చేత గంతులు వేయించాలి. అదీ ప్రతిభ!

మా పక్క ఫ్లాట్ అచ్యుతరామారావు గారు అలాంటి ప్రతిభావంతులు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. కుర్రతనంలో ఏదో ఎగ్జిబిషన్‌లో, కంప్యూటర్ తెర మీద ఎర్రగళ్ళ బంతి ఒకటి గిరగిరా తిరుగుతూ ఎగరడం చూశారట. ఆ రోజుల్లో కంప్యూటర్ సత్తా చాటడానికి అలాంటి విన్యాసాలు తయారుచేసేవారు, వాటిని డెమోలు అనేవారు. ఆ బంతిని అంతకంటే ముందు పుట్టిన కంప్యూటర్ మీద ఎగరేయాలని ఈయన పంతం పట్టారు. దానికి తెర లేదు, డబ్బా టీవీకి తగిలించాలి. ప్రోగ్రాంని టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి ఎక్కించాలి. ఇక మెమరీ అంటారా, పొద్దున్నే మీ ఫోన్‌కి వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీలో ఒక్క రేకు కూడా అందులో పట్టదు.

రెండేళ్ళు కష్టపడ్డారు. ఆ రెండేళ్ళూ ఆయన అపార్ట్‌మెంట్ మీటింగుల్లో లేచి నిలబడలేదు, వాట్సాప్‌లో ఎవరికీ చరిత్ర పాఠాలు చెప్పలేదు. ఇంతకంటే సమాజసేవ ఏముంటుంది? రిటైరైన ప్రతివాడికీ ప్రభుత్వం ఒక పాత కంప్యూటర్ ఇవ్వాలని నా డిమాండ్!

అసలు ఈ సూత్రాన్ని అన్నిటికీ వర్తింపజేయాలి. మంగళగిరి చీరని చేతిరుమాలు నేసే మగ్గం మీద నేయాలి. ప్రకాశం బ్యారేజీని మా బాత్రూమ్‌లో కట్టి గేట్లు ఎత్తాలి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ మొత్తాన్ని మా మెట్ల మీద నడిపించాలి, హారన్లతో సహా.

మొన్న ఆదివారం బంతి ఆవిష్కరణ మహోత్సవం జరిగింది. "చూసి, భోంచేసి వెళ్ళండి" అని అపార్ట్‌మెంట్ మొత్తాన్ని పిలిచారు. నేను బంతి కోసమే వెళ్ళానని చెప్పను. అచ్యుతరామారావు గారి భార్య బాలాత్రిపురసుందరి గారి గోంగూర పచ్చడి ఒక్కసారి తిన్నవాడెవడూ అలా చెప్పడు. దానికోసం పొద్దున టిఫిన్ కూడా మానేశాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆవిడ మిక్సీ ఉగాది నాడే కాలిపోయింది. స్టవ్‌కి ఒక్క బర్నరే వెలుగుతుంది. కొత్తవి కావాలని అడిగినప్పుడల్లా ఆయన, "ఉన్నదాంట్లో చేసి చూపించడమే కదా సుందరీ, కళంటే!" అనేవారు. ఎంత గొప్ప మాట! గోడకి ఇవతల నుంచి నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

సరే, క్యాసెట్ కీచుమంది. తెర మీద చారలు పరిగెత్తాయి. "లోడవుతోంది, ఓపిక పట్టండి" అన్నారు అచ్యుతరామారావు గారు. పట్టాం. చల్లపల్లి నుంచి పనిగట్టుకుని బస్సెక్కి వచ్చిన ఆయన బావమరిది తిరుపతిరావు ఒక కునుకు తీసి లేచాడు. చివరికి నలుపూ తెలుపూ గళ్ళ వస్తువొకటి కనిపించింది. గెంతింది. ఆగి ఆలోచించింది. మళ్ళీ గెంతింది.

"నలుచదరంగా ఉందేంటి బావగారూ?" అన్నాడు తిరుపతిరావు.

"దగ్గర్నుంచి చూస్తే అలాగే ఉంటుందయ్యా. గుమ్మం దాకా వెళ్ళి, కళ్ళు చికిలించి చూడు."

అందరం గుమ్మం దాకా వెళ్ళి చికిలించాం. నిజమే, గుండ్రంగానే ఉంది! అసోసియేషన్ తరఫున శాలువా కప్పాం. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

భోజనాలకి కూర్చున్నాం. విస్తళ్ళు వేశారు. చాలాసేపు విస్తళ్ళనే చూస్తూ కూర్చున్నాం.

"అన్నం ఏదక్కయ్యా?" అన్నాడు తిరుపతిరావు.

"లోడవుతోందిరా. ఓపిక పట్టు" అన్నారు బాలాత్రిపురసుందరి గారు.

ఆ తర్వాత వచ్చింది పెళ్ళిభోజనమేనండీ! పప్పు, పులిహోర, గుత్తి వంకాయ, బూరె, ఒక్కటీ తగ్గలేదు. కాకపోతే పప్పు చుక్కంత, పులిహోర చిటికెడు, ఒకే వంకాయ పంక్తి మొత్తానికీ. గోంగూర సంగతి చెప్పమంటారా? ఆకు ఆకుగానే ఉంది, మిరపకాయ మిరపకాయగానే ఉంది.

"ఇది... పచ్చడేనాండీ?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"దగ్గర్నుంచి చూస్తే అలాగే ఉంటుందండీ. గుమ్మం దాకా వెళ్ళి చూడండి" అన్నారావిడ. "ఉన్నదాంట్లో చేసి చూపించాను. పెళ్ళయినప్పట్నుంచీ చూపిస్తూనే ఉన్నాను. నా శాలువా ఏదండీ?"

పంక్తిలో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా ఆవిడ ఛాయాదేవి. అచ్యుతరామారావు గారు భుజం మీది శాలువా తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు.

నా సిద్ధాంతంలో మార్పేమీ లేదు, కొత్తది కొనేవాడు పిరికివాడే. ఇంటికి రాగానే, "కాస్త ఏదైనా చేసిపెడతావా?" అని ఛాయాదేవిని అడిగాను.

"మన మిక్సీ కూడా పాతదే కదండీ" అంది, చాలా శాంతంగా.

ఆ సాయంత్రమే బెంజ్ సర్కిల్ దగ్గర మిక్సీల షాపులో ఇద్దరు పిరికివాళ్ళు ఎదురుపడ్డారు. అచ్యుతరామారావు గారు నన్ను చూడనట్టు నటించారు, నేను ఆయన్ని గుర్తుపట్టనట్టు నటించాను. కౌంటర్ దగ్గర మాత్రం ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం.

"ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్తది చూపించు బాబూ!"