పించ్‌బెక్ వంశ కళంక ప్రక్షాళనము

సముద్రమునకును బురదకును సరిహద్దు తగవు నేటికిని తీరని లింకన్‌షైర్ మండలమున, ముసురు పట్టి మూడుదినములైన అక్టోబరు మాసపు గురువారమున, ఉదయపు తేనీరు పూర్తిగా గొంతు దిగకమునుపే, సమాధిశిలాక్షర పఠన ధురంధరుడును, శిథిలపత్ర సముద్ధరణ దీక్షితుడును, మురుగుకాలువల శాఖనుండి విశ్రాంతి పొంది పదునొకండేండ్లుగా మృతులతో తప్ప మనసిచ్చి మాటలాడనివాడును, డెబ్బదియొక్కయేండ్ల ప్రాయమున మోకాళ్లు రెండును తిరుగబడినను వెనుదీయనివాడునగు హెడ్లీ పించ్‌బెక్ మండల దస్తావేజుల భవనముపై దండెత్తెను.

కారణము వినుడు. స్కర్‌థార్ప్ గ్రామ వంశచరిత్ర సంఘమువారు ఏటేట చర్చి పక్కనున్న హాలులో తమతమ వంశవృక్షములను గోడకు తగిలించుకొని మురిసిపోవుట ఆచారము. నిరుడు ఆ సభలో, అరువదిమంది సమక్షమున, మన హెడ్లీ వేలు చాచి, సంఘ కార్యదర్శిని డల్సీ థర్కెల్ పూర్వజుడొకనికి తండ్రి పేరే లేదని చాటెను. ఎద్దు పుండు కాకికి నొప్పియా? అంతటితో ఊరకుండక, తన వంశము పది తరములును ధర్మపత్నీ సంభవమేయని, వచ్చు ఏటికి రుజువు చూపెదనని ప్రతిజ్ఞ పట్టెను. తొమ్మిది తరములు కుదిరినవి. పదవవాడగు థామస్ పించ్‌బెక్ ఒక్కడే మిగిలెను. సభ ఎల్లుండి, భవనమునకు రేపు సెలవు. నేడు దొరకనిచో గోడమీద గడి ఖాళీ, ఊరిలో తల వంపు. గురివింద గింజ తన కింది నలుపెరుగదందురు. దానిని వెదకుటకై వర్షములో బస్సెక్కి బయలుదేరిన గురివింద ఇతడొక్కడే.

ద్వారమున అతని కోటు, సంచి, దగ్గుబిళ్లలు, కలము సమస్తమును ఇనుపపెట్టె పాలయ్యెను. ఆ గదిలో కలము పట్టినవాడు గొడ్డలి పట్టినవానితో సమానుడు. పెన్సిలు ఒక్కటే అనుమతము. అతని భార్య ఈనిడ్ వసారాలోని బల్లపై అల్లిక తీసి కూర్చుండెను.

"చచ్చినవాళ్లని పలకరించి రా," అనెను ఆమె. "బతికున్నదాన్ని నేనిక్కడే ఉంటాను."

పఠనమందిరమున అడుగిడినంతనే ఆ వీరుడు గుమ్మముననే నిలువబడెను. వెలుతురు ధారాళముగా పడు కిటికీ పక్క ఆసనమున, కళ్లద్దాలు ముక్కుకొనకు జార్చి, డెబ్బదియెనిమిదేండ్ల డల్సీ థర్కెల్ ఆసీనయై యుండెను. హెడ్లీ మనమున, "ఓసీ పరాసనాపహారిణీ, పదునొకండేండ్లుగా నా పిరుదులచే పవిత్రీకృతమైన ఈ పీఠమును తత్క్షణమే విడువుము, విడువకున్న నీ వంశమును తొమ్మిదవ తరముదాక తవ్విపోసెదను" అని ప్రళయగర్జన చేసి, పైకి మాత్రము ఆ దేశపు వీరులందరివలెనే, "క్షమించాలండీ, ఇవాళ చలి కొంచెం ఎక్కువే," అనెను.

"ఎక్కువే, మిస్టర్ పించ్‌బెక్," అనెను ఆమె కదలకుండ.

అంతట అతడు గోడవైపు చీకటిబల్ల చేరి, చీటీ వ్రాసి పంపి, నలువది నిమిషములు నిరీక్షించి, స్కర్‌థార్ప్ చర్చి పుస్తకమును స్పాంజి దిండుపై పరుండబెట్టి, పుటలు లేవకుండ సీసపు గుండ్ల తాడును అడ్డముగా పరచి, యుద్ధమారంభించెను. ఆనాటి పాదిరి రాత కోడి గెలికినట్లుండెను. వివాహములొక పుటలో, బాప్తిస్మములు వేరొక పుటలో, నడుమ పురుగు తిన్న మార్గములు. అతడు భోజనమునకు లేవలేదు. ఈనిడ్ వసారాలో రెండు రొట్టెముక్కలును తానే తినెను.

మూడుగంటలకు దొరకెను. రాబర్ట్ పించ్‌బెక్‌కును ఆన్ కాడ్రన్‌కును వివాహము, 1711 జూన్ పది. వారి కుమారుడు థామస్‌కు బాప్తిస్మము, 1711 ఫిబ్రవరి రెండు.

హెడ్లీ మరల చదివెను. ఫిబ్రవరి ముందు, జూన్ తరువాత. బిడ్డ ముందు, పెండ్లి తరువాత. పది తరముల ధర్మసౌధము ఒక్క పెట్టున కూలి అతని నెత్తిన పడెను. అతడు ముఖము పాలిపోయి, ఎదుటివారికి కనబడకుండ ఆ పంక్తిపై అరచేయి కప్పెను. నిరుడు డల్సీ ముఖమున తాను చూచి ఆనందించిన రంగు ఎట్టిదో అతనికి అప్పుడు తెలిసెను. తెలిసినను ఆమెపై జాలి కలుగలేదు, తనపై మాత్రమే కలిగెను.

అరచేయి కప్పిన పంక్తిని చదువక వదలునట్టి స్త్రీ ఆ సంఘమున లేదు. డల్సీ లేచి వచ్చి వెనుక నిలిచెను.

"చెయ్యి తియ్యండి. పాత కాగితానికి చెమట తగలకూడదు."

అతడు తీసెను. ఆమె చదివెను. ఏడాదిగా కాచుకొన్న జయము కాళ్లకడకు వచ్చి పడియుండ, ఆమె చిరాకుగా నాలుక చప్పరించెను.

"ఆ రోజుల్లో కొత్త సంవత్సరం మార్చి ఇరవై అయిదున మొదలయ్యేది. 1711 ఫిబ్రవరి అంటే జూన్ తర్వాత వచ్చిన ఫిబ్రవరి. దీని మీద రెండు చలికాలాలు మాకు పాఠం చెప్పింది మీరే కదా."

హెడ్లీకి ప్రాణము లేచి వచ్చెను. "అయితే పెళ్లి ముందే. మీరెందుకు చెప్పారు నాకు?"

"తప్పు లెక్కతో గెలవడం నాకు ఇష్టం లేదు. సరైన లెక్కతోనే ఓడిపోతారు, వేళ్లు మడవండి. జూన్ పది నుంచి ఫిబ్రవరి రెండు."

అతడు మడిచెను. చిటికెనవ్రేలితో ఆరంభించి రెండవ చేతికి వచ్చి, నడుమనే నిలిచిపోయెను.

"ఏడు నెలల ఇరవై మూడు రోజులు," అనెను డల్సీ. "అది కూడా బాప్తిస్మానికి. పుట్టి ఇంకో వారమైనా అయ్యుంటుంది."

అప్పుడా ధీరుడు దంతములు బిగించి, పెన్సిలు ఝళిపించి, తన పటములోని పదవ గడిలో 'థామస్, నెలలు నిండక పుట్టినవాడు' అని లిఖించెను.

"అలా ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేదు."

"మరి?"

"నెలలు నిండాయని కూడా ఎక్కడా లేదు, మిసెస్ థర్కెల్."

మూసివేత గంట మ్రోగెను. విజయోన్మత్తుడై, రిక్త జఠరుడై, హెడ్లీ వసారా చేరెను.

"దొరికాడా మీ వాడు?" అనెను ఈనిడ్.

"దొరికాడు. పెళ్లయ్యాకే పుట్టాడు."

"ఎన్నాళ్లకి?"

ఆ ప్రశ్నకు శత్రుసేన ఎదుటనైనను తడబడనివాడు తడబడెను. "ఏడు నెలల ఇరవై మూడు రోజులకి. నెలలు నిండలేదు."

ఈనిడ్ సూదులు ఒడిలో పెట్టుకొనెను. "మన రోడ్నీ మన పెళ్లయిన ఆరు నెలల పన్నెండు రోజులకి పుట్టాడు. తొమ్మిది పౌన్ల బొద్దు పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, నెలలు నిండలేదని మీ అమ్మకి చెప్పింది నేనే. ఆవిడేమందో నీకు ఎప్పుడూ చెప్పలేదు."

"ఏమంది?"

"నవ్వి, ఈ ఇంట్లో తొలిచూలు పిల్లలందరూ అంతే, తొందరగానే పుడతారమ్మా అంది."

హెడ్లీ కోటు తొడుగుకొనుటకు రెండవ చేయి దొరకక చాలసేపు వెదకెను. శనివారమునాడు పటము గోడ కెక్కెను. అతడు దాని ప్రక్క నిలిచి, ఆ సాయంకాలమెల్ల ఎవరి తాతను గూర్చియు నోరు మెదపలేదు. ఆ గ్రామమున అట్టి శాంతి పదునొకండేండ్లలో ఎవరును ఎరుగరు.

కావున దిక్కులారా, వినుడు. మూడువందల యేండ్ల నాటి రాబర్ట్ పించ్‌బెక్, తన సంతతివాడగు హెడ్లీ పించ్‌బెక్ కంటె నెలా పదునొకండు దినములు అధిక నిగ్రహము గలవాడని లిఖిత ప్రమాణ పురస్సరముగా సిద్ధించెను. పించ్‌బెక్ వంశమునకు జయము. ఆ నెలకును, ఆ పదునొకండు దినములకును జయము.