అయిదిళ్ళకు ఒక్క సోఫా

ఫోన్ మోగే సమయానికి కొత్త కోడలు పెట్టె మీద కూర్చుని ఉంది. మొగుడి బట్టలు సర్దిన పెట్టె అది. మూత పడటం లేదని బరువు వేయడానికి ఎక్కింది గానీ, అది ఎప్పటికీ పడకపోతే బాగుండునని ఆమె మనసులో ఉంది. తెల్లారితే అతను దూరపు ఊళ్ళో ఒక పెద్ద కంపెనీలో పర్యవేక్షకుడిగా చేరాలి. అక్కడ అయిదుగురు మగవాళ్ళకు ఒక గది ఇస్తారట. కొత్త పెళ్ళాలకు గదులుండవట.

"మీ వీధిలో చివరి ఇల్లు అమ్మకానికుందని బోర్డు చూశాను. సాయంత్రం వచ్చి చూస్తాను. నచ్చితే తీసుకుంటాను" అంది ఫోన్లో ఒక పెద్దావిడ గొంతు.

కోడలు పెట్టె మీంచి లేచి నిలబడింది. మూత టప్పున తెరుచుకుంది.

"రండి, తప్పకుండా రండి."

"ఒక్క మాటమ్మా. నేను రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని, ఒంటిదాన్ని. ఎక్కడ చూసినా ఇళ్ళున్నాయి గానీ మనుషుల్లేరు. మీ వీధిలోనైనా ఎవరన్నా ఉంటున్నారా?"

"ఎందుకుండరండీ? ఇళ్ళన్నీ నిండిపోయాయి. చివరిదొక్కటే ఖాళీ" అనేసింది కోడలు. సంతోషంలో నోరు ముందు పరిగెత్తింది, బుద్ధి వెనకాల చెప్పులు వెతుక్కుంటోంది.

పళ్ళు తోముకుంటున్న భర్త బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చాడు. "ఇళ్ళన్నీ నిండిపోయాయా? ఎవరితో?"

ఆ మాట అడిగే హక్కు అతనికుంది. ఆ అయిదిళ్ళూ కట్టింది అతనే. పునాది వేసినప్పుడు ఇళ్ళ కోసం జనం ఎగబడ్డారు. పైకప్పు పడేసరికి బేరాలు చల్లబడ్డాయి. రంగులు ఆరేసరికి ఫోన్ చేసేవాళ్ళే కరువయ్యారు. మొదటి ఇంట్లో కొత్త దంపతులూ, అతని మామ్మా ఉంటున్నారు. మిగతా నాలుగింటికీ తాళాలు. ఎదుటి వరస పునాదుల దగ్గరే ఆగిపోయి, ఇనుప చువ్వలు ఆకాశం కేసి చూస్తున్నాయి. పని ఆగాక వీధి మొగలోని టీ కొట్టామె పెద్ద గిన్నె బోర్లించి చిన్న గిన్నె ఎక్కించింది. సామాన్ల కొట్టతను తోచక మేకులను పెద్దవీ చిన్నవీ వేరు చేసి, మళ్ళీ కలిపేసి, మళ్ళీ వేరు చేస్తున్నాడు. ఒక్క ఇల్లు అమ్ముడుపోతే చాలు, ఎదుటి వరస పని మొదలవుతుంది, అతనికి ఊరు విడిచే అవసరం ఉండదు.

"సాయంత్రానికి నింపుదాం" అంది కోడలు.

"నింపడానికి అవేమన్నా బిందెలా?"

"ఆవిడ చూసేది చివరి ఇల్లు. మిగతావి దారిలో కనబడతాయంతే. కిటికీలకు తెరలు కట్టి, తీగల మీద నాలుగు బట్టలు ఆరేస్తే సంసారాలే."

తెరలకు ఆమె పెళ్ళి చీరలు సరిపోయాయి. బట్టలకు పెట్టెలో మొగుడి చొక్కాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకసారి తడిపితేగాని అప్పుడే ఉతికినట్టుండవని అన్నింటినీ బకెట్లో ముంచి, నాలుగిళ్ళ ముందూ పంచింది. ఖాళీ పెట్టెను చూస్తే ఆమెకు కడుపు నిండినట్టనిపించింది.

పని లేక టీ కొట్టు దగ్గర కూర్చున్న మేస్త్రి, వడ్రంగి, రంగులాయన పిలవగానే వచ్చేశారు. మేస్త్రి రెండో ఇంటాయన, వడ్రంగి మూడో ఇంటాయన, రంగులాయన నాలుగో ఇంటాయన.

"మేం చేయాల్సిందేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

"గుమ్మంలో నిలబడి, సొంత ఇల్లున్నవాళ్ళలా మొహం పెట్టండి బాబాయ్."

"అదెలా ఉంటుందో మాకేం తెలుసు? ఎప్పుడూ కట్టడమే గానీ" అన్నాడు వడ్రంగి, చెవి మీది పెన్సిలు సర్దుకుంటూ.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. సన్నగా, నిటారుగా, గీత గీసినట్టుంది. మొదటి ఇంట్లో సోఫా చివర కూర్చుంది. రెండో చివర మామ్మ శాలువా కప్పుకుని నిద్రపోతోంది. ఆ సోఫా పెళ్ళికి వచ్చిన కానుక. వచ్చిన రోజే మామ్మ దాన్ని ఆక్రమించుకుంది. కోడలు ఇచ్చిన టీ తాగుతూ హెడ్‌మిస్ట్రెస్ సోఫా చేతి మీద కాస్త ఒలకబోసుకుంది.

"అయ్యో, మరక పడిందే."

"ఫరవాలేదండీ. చివరి ఇల్లు చూద్దామా?"

"గోడలెప్పుడైనా చూడొచ్చు. ముందు ఇరుగుపొరుగుని చూడాలి. ఈ పక్కింట్లో ఎవరమ్మా?"

పక్కింట్లో మేస్త్రి తప్ప మరేమీ లేదు. చాప కూడా లేదు. కోడలు వెనక గుమ్మంలో నిలబడ్డ భర్త కేసి చూసింది. అతను సోఫా కేసి చూశాడు. మూడు నెలల కాపురంలో వాళ్ళకు అబ్బిన విద్యల్లో ఇదొకటి, మాట్లాడకుండా మాట్లాడుకోవడం.

"ముందు మా కుళాయి చూద్దురు గాని రండి" అంటూ కోడలు ఆవిణ్ణి ముందు వాకిట్లోకి నడిపించింది. కుళాయి తిప్పింది, కట్టింది, మళ్ళీ తిప్పింది. ఇళ్ళన్నింటికీ వెనక సన్నటి సందు ఉంది. ఆ సందులోంచి సోఫా రెండో ఇంటికి బయల్దేరింది. భర్త ఒక కొస, వడ్రంగి ఒక కొస.

"మామ్మగారు ఉన్నారు బాబూ" అని గుసగుసలాడాడు వడ్రంగి.

"లేపితే ఎందుకు లేపావో గంటసేపు చెప్పించుకుంటుంది. అలాగే ఎత్తు."

రెండో ఇంట్లో మేస్త్రి, కోడలి మొగుడి పెళ్ళికోటు తొడుక్కుని, బొత్తాలు పట్టక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఇల్లు ఎలా ఉందండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"ఈ గోడ చూడండమ్మా. దారం పట్టి చూసినా వంకర దొరకదు. నేనే కట్..." కోడలు దగ్గింది. "నేనే కట్టుబట్టలతో వచ్చి, చూసి, నచ్చి తీసుకున్నాను."

"సోఫా మీద ఎవరు?"

"మా అత్తగారు."

హెడ్‌మిస్ట్రెస్ సోఫా చేతి మీద వేలు పెట్టి చూసుకుంది. "పక్కింటికి వెళ్దాం" అంది.

ఈసారి కోడలు వాకిట్లో ఆరేసిన చొక్కాలు చూపిస్తూ కాలక్షేపం చేసింది. ఈ వీధి మగవాళ్ళందరిదీ ఒకటే కొలత అని హెడ్‌మిస్ట్రెస్ మెచ్చుకుంది. కోటు మేస్త్రి ఒంటి మీంచి రాక, మూడో ఇంట్లో వడ్రంగి బనియన్‌తోనే గృహస్థుడయ్యాడు. సోఫా మోసి మోసి రొప్పుతున్నాడు.

"ఒంట్లో బాగుండదా?" అందావిడ.

"ఇల్లు పెద్దదండీ. ఈ చివర్నుంచి ఆ చివరికి రావాలంటే ఆయాసం."

"ఈవిడ?"

"మా పెద్దమ్మ."

నాలుగో ఇంట్లో రంగులాయన అలవాటు కొద్దీ నేలంతా పాత కాగితాలు పరిచి, "తలుపు ముట్టుకోకండి, పచ్చిగా ఉంది" అన్నాడు. తలుపు ఆరి ఏడాది దాటింది. సోఫా అప్పుడే దిగింది. కాస్త గట్టిగానే దిగింది. మామ్మ కళ్ళు తెరిచింది.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. నీళ్ళ గొట్టాలు రెండిళ్ళకూ ఒకే గోడలోంచి పోవాలని, పక్కపక్క ఇళ్ళను అద్దంలో బొమ్మల్లా కడతారు. ఒకదాంట్లో కిటికీ కుడివైపుంటే పక్కదాంట్లో ఎడమవైపు. మామ్మకు కుడివైపు ఉండాల్సిన కిటికీ ఎడమవైపు కనబడింది.

"ఏరా," అంది మనవణ్ణి చూసి, "నేను కాస్త కునుకు తీసేసరికి ఇల్లు తిప్పేశారేంట్రా? ఉన్న ఇళ్ళే ఎవరూ కొనడం లేదని ఏడుస్తుంటే, కట్టినదాన్ని మళ్ళీ మార్చే పనులెందుకు పెట్టుకున్నావు?"

దూరంగా రెండో ఇంట్లో కోటు బొత్తం ఒకటి తెగి పడ్డ చప్పుడు మాత్రం వినబడింది.

హెడ్‌మిస్ట్రెస్ నింపాదిగా వెళ్ళి మామ్మ పక్కన కూర్చుంది.

"అమ్మాయ్, నేను ఒలకబోసిన టీ నాకంటే ముందే ప్రతి ఇంటికీ ఎలా వస్తోంది? సర్వీసంతా చూసిరాతలు పట్టుకున్నదాన్ని. ఒకే జవాబు నాలుగు పేపర్లలో కనబడితే నాకు తెలీదా?"

కోడలికి ఏడుపొచ్చింది. "తప్పు నాదేనండీ. ఎవరూ లేరంటే మీరు రారనుకున్నాను. మీరు రాకపోతే రేపు ఈయన ఊరెళ్ళిపోతారు" అంటూ మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"వెళ్ళడానికి చొక్కాలేవీ?" అన్నాడతను మెల్లిగా. "అన్నీ తడిపేశావుగా."

హెడ్‌మిస్ట్రెస్ పెదవులు బిగించింది. అది కోపం కాదని, నవ్వు ఆపుకోవడమని కాసేపటికి గాని ఎవరికీ అర్థం కాలేదు.

"చాలా వీధులు తిరిగాను. తాళాలు తీసేవాళ్ళే గానీ పలకరించేవాళ్ళు లేరు. నాకోసం ఒక మనిషిని సోఫాతో సహా మోసుకు తిరిగినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. చివరి ఇల్లు నాకొద్దు."

భర్త తల దించుకున్నాడు.

"రెండోది ఇవ్వండి. పెద్దావిడ గురక గోడకవతల వినబడుతుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆ గోడకు వంకర కూడా లేదట. రేపు పొద్దున్నే కాగితాలు రాసుకుందాం. నాతో పనిచేసిన టీచరమ్మలు ఇద్దరున్నారు, వాళ్ళకీ ఒంటరి వీధులంటే భయమే. వాళ్ళనీ తీసుకొస్తాను. కాకపోతే రేపు ఖాళీ ఇల్లు ఖాళీగానే చూపించండి."

ఆ రోజు చీకటి పడే వేళకే టీ కొట్టామె బోర్లించిన పెద్ద గిన్నె తీసి తోముకుంది. మేస్త్రి, రేపు తెల్లారకముందే ఎదుటి పునాదుల దగ్గరుంటానని మాటిచ్చి, కోటులోంచి బయటపడే ఉపాయం అడిగాడు. భర్త కంపెనీకి ఫోన్ చేసి, రేపు రావడం లేదన్నాడు. కారణమడిగితే బట్టలారలేదన్నాడు. కోడలు ఖాళీ పెట్టెను అటక మీదికి తోసి, దాని ముందు బరువైన సామానంతా అడ్డం పెట్టింది.

సోఫా మొదటి ఇంటికి తిరిగొచ్చాక, రేపు మళ్ళీ చుట్టాలొస్తున్నారని మామ్మకు చెప్పారు.

"వస్తే రానీ. నన్ను మాత్రం ఇలా ఇల్లిల్లూ తిప్పకండి, కాళ్ళు పీకుతున్నాయి" అంది మామ్మ, పొద్దున్నించీ నేల మీద అడుగు పెట్టకుండా.