నొప్పి రద్దయిన ఆసుపత్రి

స్త్రీల విభాగంలో ఇకపై నొప్పి ఉండదని ఆసుపత్రి యాజమాన్యం సోమవారం ఉదయం నోటీసు అంటించింది. నొప్పి అన్న మాట వింటేనే రోగులకు భయం పుడుతోందనీ, కనుక సిబ్బంది ఆ మాట వాడరాదనీ, తప్పనిసరైతే ‘చిన్నపాటి అసౌకర్యం’ అనాలనీ అందులో ఉంది. వైద్యశాస్త్రం ఇన్నేళ్లూ తలకిందులుగా తపస్సు చేసినా సాధించలేని పని ఒక్క కాగితంతో, నాలుగు చుక్కల జిగురుతో పూర్తయింది.

ఆ నోటీసు కిందనే కండక్టరమ్మ కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్లుగా బస్సులో టికెట్లు కొడుతున్న మనిషి. నలభై తొమ్మిదో ఏట, మూడు నెలల కిందట వచ్చిన నెలసరి ఇప్పటికీ ఆగనంటోంది. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. పడుకోబెట్టి కోసేదేమీ లేదు, పావుగంట పని, మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోవచ్చన్నారు. ఆ ముక్కలో ఏం బయటపడుతుందోనని ఒక దిగులు, దాన్ని తీసేటప్పుడు ఎలా ఉంటుందోనని ఇంకో దిగులు. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

భయం పోగొట్టేందుకు ఆసుపత్రి చేయని ఏర్పాటు లేదు. గోడకు జలపాతం బొమ్మ ఉంది. దాన్ని చూస్తూ ముక్కుతో గాలి పీల్చి నోటితో వదలాలని కింద రాసి ఉంది. అప్పటికీ ధైర్యం చిక్కని మొండివాళ్ల కోసం సూపరింటెండెంటుగారి ఉపన్యాసం ఉంది.

"తల్లులారా! నొప్పి శరీరంలో ఉండదు, మనసులో ఉంటుంది. మీరు ఓర్పుకు పుట్టిళ్లు. పురుళ్లనే పూచికపుల్లలా తీసిపారేసినవాళ్లు. మీకు ఇదొక లెక్కా?"

తనకు లేని గర్భసంచి గురించి ఆయన ఇరవై నిమిషాలు అనర్గళంగా మాట్లాడారు. చప్పట్ల కోసం ఆగినప్పుడు కండక్టరమ్మ లేచింది.

"అయ్యా, పోయిన నెల మా ఆయన కాలిగోరు ఇక్కడే తీశారు. ముందు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. మాకూ ఇస్తారా?"

సూపరింటెండెంటుగారు జాలిగా నవ్వారు. "అది గోరమ్మా! చాలా సున్నితమైన భాగం."

లోపల బల్లమీద పడుకున్నాక సిస్టరు, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంది. ఆ చీమ ఏ జాతిదో చెప్పలేదు. డాక్టరమ్మ ఒకసారి దగ్గమంది. కండక్టరమ్మ దగ్గింది. మరుక్షణం పొత్తికడుపులో ఎవరో పట్టకారుతో పట్టి మెలిపెట్టినట్టయి, నడుందాకా జివ్వుమంది.

"ఆపండి!"

కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నుంచి కేకేస్తే డ్రైవరు కాలు తనంతట తనే బ్రేకు తొక్కే గొంతు అది. డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. బయట ఉపన్యాసం కూడా ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"నొప్పి."

"అసౌకర్యం అనాలమ్మా" అని సిస్టరు మెల్లగా గుర్తుచేసింది.

"పేరు మీకు నచ్చింది పెట్టుకోండి. మందిచ్చాకే బండి కదలాలి."

డాక్టరమ్మ గోడవారనున్న బీరువాకేసి చూసింది. "ఇంజెక్షన్ ఉందమ్మా. ఆ బీరువాలోనే ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు."

"ఉందని ఎవరికైనా చెప్పారా?"

"అడిగితే చెప్పేవాళ్లం."

బీరువా తాళంచెవి గోళ్లు తీసే విభాగంలో దొరికింది. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంది. అయిదు నిమిషాలు ఆగారు. ఈసారి డాక్టరమ్మ ఏం చేస్తోందో ముందే చెప్పి మరీ చేసింది. ఎవరూ చెప్పకుండానే సిస్టరు వచ్చి చెయ్యి పట్టుకుంది. నెలసరి రెండోరోజు లాగినట్టు కడుపులో లాగింది, అంతే. అయినా కండక్టరమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి. ఎందుకొచ్చాయో ఆమెకే తెలియలేదు.

బయట ఇంకా పదకొండుమంది ఉన్నారు. ఆమె చీర సవరించుకుని వసారా మధ్యలో నిలబడింది.

"మొద్దుబారే ఇంజెక్షన్ ఉందమ్మా లోపల! అడిగినవాళ్లకే! ఇంకా అడగనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

పదకొండుమందీ అడిగారు. సాయంత్రానికి మరో నోటీసు పడింది: ఆసుపత్రిలో మందులున్నాయని కొందరు వదంతులు వ్యాపింపజేస్తున్నారు, ప్రజలు నమ్మవద్దు.

వారానికి రిపోర్టు వచ్చింది. భయపడాల్సిందేమీ లేదట, మాత్రలతో తగ్గుతుందట. కండక్టరమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుని, బస్‌స్టాపు బెంచీమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చి, ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తింది.

అత్తగారు, ఆడపడుచు, పక్కింటి పిన్నిగారు చుట్టూ చేరారు.

"బాగా నొప్పెట్టిందా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. మందిచ్చారు. పెద్దగా తెలియనేలేదు."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అత్తగారు రిపోర్టును వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"నొప్పే లేదంటే వాళ్లు అసలు ముక్క తీసినట్టా, తీయనట్టా?"

పిన్నిగారు పెదవి విరిచింది. ఆడపడుచు దగ్గరగా జరిగి కండక్టరమ్మ భుజంమీద చెయ్యి వేసింది.

"నువ్వేం బెంగపెట్టుకోకు వదినా. నాకు చేసిన ఆసుపత్రి ఒకటుంది. ప్రాణం పోయి తిరిగొచ్చిందనుకో. పరీక్షంటే అదీ! రేపే వెళ్లి అక్కడ ఇంకోసారి చేయించేద్దాం."