మధ్యలో గోరింటాకెందుకు

శంషాబాద్‌లో విమానమెక్కే జనానికి సూట్‌కేసులమ్మే ఐలయ్య ఆ ఆదివారం దుకాణం తెరవకముందే తల నల్లగా చేసుకోవాలనుకున్నాడు. సాయంత్రం బస్తీ గణేశ్ యూత్ అసోసియేషన్‌కు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. పెళ్లికి ముందు పట్టిన ఆ పదవిని ఐలయ్య ఇంతవరకు వదల్లేదు. ఈసారి మధు అనే కుర్రాడు పోటీకి దిగి, "యూత్ అంటే జర నల్ల జుట్టుండాలె గద అన్నా" అని నలుగురిలో నవ్వాడు. పాత సరుకైనా పైకవరు మెరిస్తే అమ్ముడుపోతుందని ఐలయ్యకు తెలుసు.

కొన్న రంగు అతనికి పడదు, దద్దుర్లు లేస్తాయి. అందుకని భార్య ప్రేమలత ఇంట్లోనే సిద్ధం చేసింది. టీ డికాక్షన్‌లో రాత్రంతా నానిన గోరింటాకు ముద్ద ఇనుప మూకుట్లో ఉంది. పక్కన గిన్నెలో నీలి ఆకు పొడి. ముందు గోరింటాకు పెట్టాలి, అది కడిగాక నీలి ఆకు పెట్టాలి అని రెండుసార్లు చెప్పి ఆమె కూరగాయలకు వెళ్లింది.

ఐలయ్య ఆ రెంటినీ వ్యాపారి కంటితో చూశాడు. గోరింటాకు ఎరుపు చేస్తుంది, నీలి ఆకు నలుపు చేస్తుంది. నలుపు కావలసినవాడు ఎరుపు దగ్గర ఆగడమెందుకు? సరుకు నేరుగా దొరుకుతుంటే మధ్యలో దళారిని పోషించే అలవాటు అతనికి లేదు. పొడి కలిపి తలకూ మీసానికీ దట్టంగా పట్టించాడు.

కడిగి అద్దం చూసుకుంటే నలుపు జాడ లేదు. నెరిసిన తలంతా వానాకాలపు గోడలా ఆకుపచ్చగా నాచు పట్టింది. మీసం పుదీనా కట్టలా ఉంది.

ప్రేమలత వచ్చి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "గోరింటాకు పునాది. పునాది లేకుంట మేడ గట్టినవ్. కూసో, మొదటి నుంచి పెడత."

కూర్చునేవాడే. కానీ గిరాకీ షట్టరు ముందు నిలబడి ఫోన్ చేస్తోంది, వాళ్ల విమానానికి వేళవుతోంది. ఐలయ్య మీసం గీసేసి, తలకు తెల్ల తువ్వాల బిగించి పరుగెత్తాడు. మీసం మళ్లీ వస్తుంది, మళ్లిపోయిన గిరాకీ రాదు.

అతను మరచిందొక్కటే. నెత్తికి తెల్లగుడ్డతో, మీసం లేకుండా కనబడ్డ కొడుకును ఆ బస్తీలో ఎవరూ ఏమైందని అడగరు. తండ్రి పోయాడని వాళ్లకు వాళ్లే తెలుసుకుంటారు.

ఎదురుగా పూలమ్మే సక్కుబాయి ముందుగా చూసింది. ఐలయ్య తండ్రి, ముసలి శివయ్య, మోకాళ్ల నొప్పులతో ఈమధ్య గడప దాటడం లేదు. పాపం, కార్యం కూడా గుట్టుగా కానిచ్చేశారనుకుని ఆమె కళ్లొత్తుకుంది. కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. ఆ రోజు దుకాణానికి వచ్చిన బస్తీవాళ్లెవరూ బేరమాడలేదు, అడిగినంత ఇచ్చి భుజం తట్టి పోయారు. లాభం వస్తుంటే కారణం అడగడం ఐలయ్య పద్ధతి కాదు.

సాయంత్రం టీకొట్టు రవీందర్ మాత్రం ముఖం ముడుచుకుని వచ్చాడు. "మీ బాపు పోతే ఒక్క మాట చెప్పకపోతివి. మేం పరాయోళ్లమా?"

కాదని చెప్పడానికి ఐలయ్య నోరు తెరిచాడు. అంతలోనే రవీందర్ ఇంకో మాటన్నాడు. దుఃఖంలో ఉన్నవాడి మీద నిలబడనని మధు పోటీ మానుకున్నాడట.

ఐలయ్య తెరిచిన నోరు మూశాడు. ఒక్క పూట తండ్రిని పోనిస్తే పదవి దక్కుతుంది, రాత్రికి మళ్లీ బతికించుకోవచ్చు. కొడుకు బాగు కోసం ఏ తండ్రయినా ఆ మాత్రం సర్దుకుంటాడు.

కమ్యూనిటీ హాల్లో అందరూ లేచి మౌనం పాటించారు. సభ అయ్యాక ఇంటికి పోయి ఫోటోకు వేద్దామని సక్కుబాయి పెద్ద బంతిపూల దండే తెచ్చింది. మౌనం ముగియగానే మధు చేతులు జోడించాడు.

"అన్న మీద నిలబడనన్న, నిలబడ. కని ఇంట్ల పెద్దమనిషి పోయినోళ్లు ఏడాది దాంక పండుగ జెయ్యరు, మండపం ముట్టరు. అన్న ఎట్ల జేస్తడు? ఇగ అందరు నన్నే చూసుకోమంటున్నరు."

ఐలయ్య కుర్చీ వెనక్కి తోశాడు. "మా బాపు బతికే ఉన్నడు" అన్నాడు లేచి.

"దుఃఖంల గట్లనే అనిపిస్తదన్నా" అని మధు అతన్ని మెల్లగా కూర్చోబెట్టబోయాడు.

ఇక దారి లేక ఐలయ్య తువ్వాల లాగేశాడు. "చూడుండ్రి, గుండు గాదు. జుట్టుంది."

జుట్టు ఉంది. ట్యూబులైటు వెలుగులో నారుమడిలా కళకళలాడుతూ ఉంది. హాలంతా మళ్లీ మౌనం పాటించింది.

అప్పుడే గుమ్మంలో కర్ర చప్పుడైంది. కోడలి చేయి పట్టుకుని శివయ్య లోపలికొచ్చాడు. తల కాకి రెక్కలా నిగనిగలాడుతోంది. పొద్దున గగన్‌పహాడ్ చుట్టమొకాయన ఫోన్ చేసి, శివయ్య పోయాడని శివయ్యకే చెప్పి ఏడ్చాడట. నలుగురిలోకి వెళ్లి బతికున్నట్టు కనబడాలని, కొడుకు వదిలేసిన గోరింటాకును, దాని మీద నీలి ఆకును ముసలాయన ఓపికగా పెట్టించుకున్నాడు.

"సంపితే సంపినవ్ కొడుకా, జర ముందుగాల చెప్పొద్దా? కొత్త ధోతి కట్టుకుంటుంటి."

హాలు పైకప్పు ఎగిరేలా నవ్వింది. మధు సక్కుబాయి చేతిలో దండ తీసుకుని శివయ్య మెడలో వేశాడు. "నల్ల జుట్టుండాలెనని అన్నది నేనే. మాట మార్చ" అన్నాడు. చేతులన్నీ లేచాయి. ఆ ఏటికి యూత్ అసోసియేషన్ అధ్యక్షుడు శివయ్య.

ఇంటికి నడుస్తూ ఐలయ్య లెక్క చూసుకున్నాడు. పదవి ఇల్లు దాటలేదు, పోయింది మీసం ఒక్కటే.