వకుళ చెవులు

ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి మంచి పద్ధతి ఏదని అడిగిన మొదటి రోజే వకుళ మెడ మీద మూడో చెవి మొలిచింది. అమీర్‌పేటలో అది మామూలే. ఒక్కో సలహాకు ఒక్కో చెవి వస్తుంది. హాస్టల్ వార్డెన్ హైమావతి దాన్ని చూసి, ఎడమవైపు తిరిగి పడుకోవద్దని మాత్రం చెప్పింది. ఆ మాటకు చెవి రాలేదు, అది కంప్యూటర్ సంగతి కాదు గనక.

వకుళది రాజమండ్రి. అక్కడ పనిచేస్తున్న ఫోటో స్టూడియో మూతపడడంతో కొత్త పని నేర్చుకుందామని వచ్చింది. ముందు పైథాన్ నేర్చుకోమన్నాడు కోచింగ్ సెంటర్ డైరెక్టర్ ఫణీంద్ర. పైథాన్‌తో మొదలుపెట్టినవాళ్లు ఎందుకూ పనికిరారని, ‘సి’ నేర్చుకోమన్నాడు అదే సెంటర్లో పక్క గది మాస్టారు. ముందు లెక్కలు రావాలన్నారు మెస్‌లో. లెక్కలతో పనే లేదన్నాడు ఆటో డ్రైవర్. అతని బావమరిది బెంగళూరులో ఉంటాడు. ఇప్పుడు అంతా ఏఐ రాసేస్తోంది, నేర్చుకోవడమే దండగ అన్నాయన మాత్రం ఆ వీధిలోనే ఆర్నెల్ల కోర్సు నడుపుతున్నాడు. దసరా నాటికి వకుళ భుజాలూ మోచేతులూ చెవులతో నిండిపోయాయి. జాకెట్లు వదులుగా కుట్టించుకుంది. కంప్యూటర్ ముట్టుకోవడానికి ఇంకా తీరిక దొరకలేదు.

ఆమె గదిలోనే ఉండే రజితకు రెండే చెవులు. ఎవరినీ ఏమీ అడగదు. ఏదో ఒకటి రాసి, తప్పులు దిద్దుకుంటూ కూర్చుంటుంది. పొగరనుకునేవారు హాస్టల్లో. ఒక ఆదివారం వకుళ ఆమెను కూడా అడిగింది, ఎలా నేర్చుకోవాలని.

"ఏమో అక్కా, నాకు తెల్వదు. కూసో, ఏదన్న రాద్దాం. తప్పొస్తే చూద్దాం" అంది రజిత.

చెవి రాలేదు. వకుళ భయపడుతూనే కూర్చుంది. చాలాసార్లు తప్పొచ్చింది. మధ్యాహ్నానికి వకుళ రాసిన బుల్లి ప్రోగ్రాం, స్టూడియో నుంచి తెచ్చుకున్న ఫోటోలన్నిటినీ తేదీల వారీగా సర్దిపెట్టింది. వకుళకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషం పట్టలేక వరండాలోకి వెళ్లి అందరికీ చెప్పింది.

అందరూ వచ్చి చూశారు. పనిచేస్తే చాలదు, ఇలా రాయకూడదన్నారు. ఎలా రాయాలో తలా ఒకరకంగా చెప్పారు. ఒంటి మీద ఇంక చోటు లేక, కొత్త చెవులు వేళ్ల చివర్న మొలిచాయి. మర్నాడు కీ నొక్కగానే చెవి నలిగి ప్రాణం పోయినంత పనయింది. రజిత ఆ చేతులు తన ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏం చేయాలో ఆమెకు తెలుసు. చెప్తే ఇంకో చెవి వస్తుందని ఊరుకుంది.

వకుళ సెంటర్‌కు వెళ్లి చేతులు చూపించింది. ఫణీంద్ర వాటిని శ్రద్ధగా పరిశీలించి, ఇంత అర్హత ఉన్నవాళ్లు ఈ మధ్య దొరకడం లేదన్నాడు.

"ఫ్యాకల్టీగా చేరిపోమ్మా. మన పనిలో వేళ్లతో అవసరం పడదు" అంటూ తన చేతులు కూడా జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పదివేళ్లకూ చెవులే.

పై సోమవారం వకుళ క్లాసు నిండిపోయింది. ముందు ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి మేడమ్ అని ముందు బెంచీలోని అమ్మాయి అడిగింది. వకుళ చెప్పింది. ఆ అమ్మాయి మెడ మీద గోక్కుంటూ రాసుకుంది.

సాయంత్రం తల్లి ఫోన్ చేసి, ప్రోగ్రామింగ్ వచ్చిందా అని అడిగింది.

"నేర్పుతున్నానమ్మా" అంది వకుళ.

తల్లి ఆ మాట వీధిలో అందరికీ చెప్పుకుంది.